పదిహేడు, ముప్పై ఎనిమిది, నలభై రెండు

2013 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఉదయం ఏడూ ఇరవై. మేడ్చల్ బస్ డిపో ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని, నీళ్ళ బకెట్లో పడేసిన జీపీఎస్ వైపు చూస్తున్నాను. గడియారం పెట్టుకుని పది నిమిషాలు ముంచి ఉంచాలని నా ఏర్పాటు. హోటల్ నడిపే నర్సింలు అటు వచ్చినప్పుడల్లా బకెట్లోకి తొంగి చూస్తున్నాడు. అది అతను గ్లాసులు కడిగే బకెట్.

"సచ్చిపోతదేమో సార్," అన్నాడు చివరికి. చావకూడదనే దాన్ని ఏరికోరి కొన్నానని చెప్పాను. పది నిమిషాలయ్యాక తీసి, తువ్వాలతో తుడిచి, బటన్ నొక్కితే వెలిగింది. నర్సింలు ఒక్క క్షణం చూసి, బకెట్లో నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. నేను మేడ్చల్‌లో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. అందులోనూ భూగోళం అంటే ప్రాణం. సుద్దముక్క ఎత్తకుండా నల్లబల్ల మీద ప్రపంచ పటం గీస్తాను. అలాంటివాణ్ణి రోడ్డు పక్కన ఆగి ఎవరినైనా దారి అడగాలంటే నాకు నామోషీ. మా ఆవిడ విజయ దీన్ని జబ్బు అంటుంది. పెళ్ళయిన కొత్తలో యాదగిరిగుట్టకని బయల్దేరదీసి, భువనగిరి అవతల జొన్నచేల మధ్య సాయంత్రం దాకా తిప్పిన సంగతి ఇరవై ఏళ్ళుగా ఇంటికొచ్చిన చుట్టానికల్లా చెప్తోంది.

ఇక ఖాజా సంగతి. ఖాజాది అలియాబాద్, షామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డు మీద వచ్చే ఊరు. సొంత జీపును కిరాయికి తిప్పుతాడు. 2011 దసరా సెలవుల్లో ఆ జీపులో మేమిద్దరం గుజరాత్‌లో కచ్ ఉప్పు మైదానం చూడటానికి వెళ్ళాం. మూడో రోజు మధ్యాహ్నం దారి రెండుగా చీలింది. దూరంగా ఉప్పు కుప్పలు పోస్తున్న మనుషులు కనబడితే, అడిగొస్తానని ఖాజా జీపు దిగబోయాడు. అక్కర్లేదు, నాకు తెలుసు, ఎడమకు తిప్పు అన్నాను. వానలు వెనకబట్టి ఎన్నో రోజులు కాలేదు. పైన తెల్లటి పెచ్చు, కింద బురద. నాలుగు కిలోమీటర్లు పోయాక జీపు ఇరుసుల దాకా దిగబడింది. ఇద్దరం అయిదు గంటలు నడిచాం. చివరి రెండు గంటలు తాగడానికి చుక్క నీళ్ళు లేవు. ఉప్పు పెచ్చులు కోసుకుపోయి ఖాజా పాదాల నుంచి రక్తం కారింది. జీపును బయటికి లాగించడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

అంతవరకూ జరిగింది పొరపాటు. తర్వాత నేను చేసింది తప్పు. తిరిగొచ్చాక ఇదే నర్సింలు హోటల్లో, మా స్కూలు వాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా, ఖాజా ఎడమకు తిప్పేశాడని, నేను చూసేసరికే దిగబడిపోయామని చెప్పాను. భూగోళం సారే దారి తప్పాడంటే నవ్వుతారని భయం. ఆ మాట మేడ్చలంతా తిరిగింది. అంతకుముందు మా టీచర్లు తిరుపతికైనా శ్రీశైలానికైనా ఖాజా జీపే మాట్లాడుకునేవాళ్ళు. ఆ తర్వాత మానేశారు. ఎందుకు మానేశారో ఖాజాకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే సలాం చేసి పక్కనుంచి పోయేవాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని నాకు అనిపించేది.

ఈ ఎండాకాలం సెలవుల్లో హిమాచల్‌లో స్పితి లోయకు జీపులో పోవాలని నా ఆశ. ఖాజా కాక ఇంకో డ్రైవర్‌తో పోవడానికి మనసొప్పలేదు. జనవరిలో సిగ్గు విడిచి అలియాబాద్ వెళ్ళి అడిగాను. ఈసారి జీపీఎస్ కొంటానని, దారి తప్పే మాటే ఉండదని చెప్పాను. అతను జీపు అద్దం తుడుచుకుంటూ విన్నాడు.

"మల్ల మీ ఎంబడి రావాల్నంటే నాకు ఒక్కటి జూపియ్యుండ్రి సార్," అన్నాడు చివరికి. "గా కొండల మీద అడుగుదామంటే మనిషుండడు. మా అబ్బా సూసుకునే మామిడితోట మీరు ఎన్నడు సూడలే. నంబర్లిస్త. మీరు, మీ డబ్బా, ఇద్దరే పట్టుకొని రాండ్రి. ఫోన్ ఇంట్ల వెట్టుండ్రి. దారిల ఎవ్వల్ని అడుగొద్దు. ఆ దినం మాకు దావత్. పన్నెండింటికి అబ్బా దస్తర్‌ఖాన్ ముంగట కూసుంటడు."

అదే షరతు. తోటకు చేరితే స్పితికి వస్తాడు. లేకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

జీపీఎస్ కొనాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని, నేను ఎలా ఎంచుకున్నానో కొంచెం చెప్తాను. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో మూడు రకాలు చూపించారు. మొదటిది పెద్ద తెర, వేలితో తాకితే పనిచేసేది, చూడటానికి ముచ్చటగా ఉంది. నీళ్ళ సీసాలో వేలు ముంచి దాన్ని తాకాను. తెర తనకు తోచిన చోటికల్లా పోయింది. వానలో, చేతికి తొడుగులున్నప్పుడు దానితో వేగలేమని పక్కన పెట్టాను. నాకు గట్టి బటన్లు కావాలి. రెండోది లోపలే బిగించిన బ్యాటరీతో వచ్చింది. కొండల్లో కరెంటు లేని ఊళ్ళో అది అయిపోతే చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క. మూడోది పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. పెన్సిల్ సెల్లులు దొరకని కిరాణా కొట్టు మన దేశంలో ఉండదు. దాన్ని తీసుకుని ఎండలో తెర కనిపిస్తుందో లేదో చూద్దామని రోడ్డు మీదికి నడిచాను. బిల్లు కట్టకుండా పోతున్నానేమోనని దుకాణదారు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎండలో ఇంకా బాగా కనిపించింది.

అదే రకంలో దిక్సూచి ఉన్నది ఇంకో మూడు వేలు ఎక్కువ. అది లేనిది పన్నెండు వేలకు అటూ ఇటూ. నేను లేనిదే కొన్నాను. దిక్సూచి లేని జీపీఎస్‌లో బాణం మనం నడుస్తుంటేనే సరిగ్గా చూపిస్తుంది, నిలబడితే బిత్తరపోయి అటూ ఇటూ తిరుగుతుంది. ఆ సంగతి దుకాణదారు చెప్పాడు. నాకు తెలుసు అన్నాను. నిజానికి తెలియదు.

వారం ముందు ఆ జీపీఎస్ డబ్బాను ఖాజాకిచ్చి, తోట మధ్యలో నిలబడి తెర మీద కనిపించే అంకెలు రాసుకొమ్మన్నాను. గురువారం సాయంత్రం ఫోన్ చేసి చదివాడు. "పదిహేడు, ముప్పై ఎనిమిది, నలభై రెండు. డెబ్బై ఎనిమిది, ముప్పై అయిదు, యాభై ఒకటి." ఇంకేదో చెప్పబోయాడు, నడుమ చుక్క అని. నాకు తెలుసులే అని ఫోన్ పెట్టేశాను. మర్నాడు తెలిసిన ఆటోలో డబ్బాను వెనక్కి పంపించాడు. మా స్కూలు అట్లాసులో ఉన్నట్టు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు కనిపించేలా దాన్ని మార్చుకుని, ఆ అంకెలు ఎక్కించుకున్నాను.

ఏడూ యాభైకి హోటల్లోంచి లేచి, డిపో పక్క ఖాళీ జాగాలో నిలబడ్డాను. మొదటిసారి వెలిగించినప్పుడు ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా ఆగాలి. శాటిలైట్లు ఒక్కొక్కటే దొరుకుతాయి. నాకు ఏడు దొరకడానికి ఆరు నిమిషాలు పట్టింది. షామీర్‌పేటకు ఆ వేళ బస్సు లేదు. షేర్ ఆటో నిండేదాకా ఆగి ఎనిమిదిన్నరకు కదిలింది. మనిషికి పదిహేను రూపాయలు.

నా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. మేడ్చల్లో చెల్లెలింటికొచ్చి జవహర్‌నగర్ తిరిగి పోతోంది. నా చేతిలో ఉన్నది ఏమిటని అడిగింది. చెప్పాను. మొత్తం విని, మా దిక్కు రావాలంటే ఇవేవీ అక్కర్లేదని, పట్నం చెత్తంతా తెచ్చి పోసే కుప్ప వాసన పట్టుకుని కళ్ళు మూసుకుని రావచ్చని అంది. ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఆటో దారిని డబ్బా తెర మీద గీతగా చూస్తూ కూర్చున్నాను. రింగురోడ్డు కింద నుంచి పోతున్నప్పుడు రెండు శాటిలైట్లు పోయాయి, అవతలికి వచ్చాక దొరికాయి. బస్సులో కిటికీ పక్కన, ఆటోలో అంచున కూర్చుంటేనే ఇది పనిచేస్తుంది.

తొమ్మిదీ అయిదుకు షామీర్‌పేట చౌరస్తాలో దిగాను. రెండు ఇడ్లీలు తిని, సీసా నిండా నీళ్ళు పట్టుకున్నాను. ఇక్కణ్ణుంచి నడకే అని ఖాజా ముందే చెప్పాడు. తొమ్మిదీ ఇరవై అయిదుకు బయల్దేరాను. డబ్బా ఆరు కిలోమీటర్లు చూపించింది. అది దారం లాగి పట్టుకున్నంత దూరం. మధ్యలో ఏముందో దానికి పట్టదు. బాణం ఈశాన్యం వైపు.

మొదటి గంటలోనే అది అర్థమైంది. బాణం తిన్నగా చూపిన చోట రాళ్ళ క్వారీ ఉంది, లోయంత గొయ్యి. దాన్ని చుట్టి రావడానికి ఇరవై నిమిషాలు. ఆ తర్వాత యాసంగి వరి. నాట్లు వేసి ఎక్కువ రోజులు కాలేదు. గట్ల మీద నడుస్తూ ఒకచోట కాలు జారి మోకాలి దాకా మడిలో దిగాను. డబ్బా చేతిలోంచి ఎగిరి బురదలో పడింది. మడికి నీళ్ళు పెడుతున్న రైతు గట్టు మీదికి వచ్చి, దాన్ని తీసి, కాలువలో కడిగి నా చేతికిచ్చాడు. ఎటు పోవాలని అడిగాడు. ఊరికే తిరుగుతున్నానని చెప్పాను. అతను నన్ను కిందనుంచి మీద దాకా ఒకసారి చూసి తన పని తను చేసుకున్నాడు. డబ్బా మాత్రం పనిచేస్తూనే ఉంది, ఆ విషయంలో నా ఎంపిక తప్పు కాదు.

ఇక్కడొక సలహా. దారి మారిన ప్రతిచోటా ఒక గుర్తు నొక్కి పెట్టుకోండి. తిరిగి రావాల్సి వస్తే అవే దిక్కు. నేను క్వారీ దగ్గర ఒకటి, వరి మడుల చివర ఒకటి, పాత ద్రాక్షతోట మొదట్లో ఒకటి పెట్టుకున్నాను. ద్రాక్షతోట అన్నాను గాని తీగలు లేవు. ఒకప్పుడు ఇటంతా ద్రాక్షే. ఇప్పుడు పందిరి మోసిన రాతి కడీలు మాత్రం వరుసలుగా నిలబడి ఉన్నాయి.

పదకొండూ నలభైకి ఎడమ చేతి వైపు, రెండు వందల మీటర్ల దూరంలో పూత మీదున్న మామిడితోట ఒకటి కనిపించింది. చెట్ల పైనుంచి పొగ లేస్తోంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన గాలికి వచ్చి నాకు ఆకలి గుర్తొచ్చింది. ఆగి డబ్బా చూశాను. ఇంకా ముప్పావు కిలోమీటరు ముందుకు పోవాలంది. తోటలు ఇక్కడ బోలెడున్నాయి అనుకుని బాణం వెంట నడిచాను.

పన్నెండుకు అయిదు నిమిషాలుండగా డబ్బా కూత వేసింది. మూడు మీటర్లు. చేరిపోయాం. తలెత్తి చూస్తే మామిడిచెట్టు కాదు కదా, పొద కూడా లేదు. ఎర్రమట్టి చదును చేసి హద్దురాళ్ళు పాతిన వెంచరు. నేను నిలబడింది ఒక ప్లాటు నడుమ. వాచ్‌మన్ రేకుల గదిలోంచి లేచి వచ్చాడు. ఎక్కడినుంచో నడిచి వచ్చి, చేతిలో యంత్రంతో సరిగ్గా ఒక ప్లాటు మధ్యలో నిలబడ్డవాణ్ణి చూస్తే ఎవరికైనా కొనేవాడే అనిపిస్తుంది.

"గిది వద్దు సార్. దీనికి వీధిపోటున్నది. పక్కది సూడుండ్రి, తూరుపు మొకం," అన్నాడు. చూస్తానని చెప్పి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. అంకెలు మళ్ళీ చూశాను. నేను రాసుకున్నవీ డబ్బాలో ఉన్నవీ ఒకటే. డబ్బా ఆపి మళ్ళీ వెలిగించాను. పెన్సిల్ సెల్లులు మార్చాను. చుట్టూ రెండు వందల మీటర్లు తిరిగి వచ్చాను. ప్రతిసారీ అది నన్ను ఆ వీధిపోటు ప్లాటుకే తెచ్చి నిలబెట్టింది. వాచ్‌మన్ గదిలోంచి కుర్చీ తెచ్చి వేశాడు. అతన్ని అడిగితే ఒక్క నిమిషం పని. అడగలేదు. షరతు ఉందిగా అని నాకు నేను చెప్పుకున్నాను. షరతు లేకపోయినా అడిగేవాణ్ణి కాదని నాకు తెలుసు. అలా గంట గడిచింది.

ఒంటిగంటా పదిహేనుకు అలియాబాద్ మసీదు నుంచి మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. అప్పుడు యూసుఫ్ చాచా గుర్తొచ్చాడు. నేను చాచా అని పిలిచేది ఖాజా తండ్రిని, ఖాజా అబ్బా అన్నది ఆయన్నే. డెబ్బై దాటినవాడు, షుగర్ ఉంది. పొద్దున్నే గోలీ వేసుకుంటాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పిలిచిన మనిషి రాకుండా, అన్నానికి కింద వేసే గుడ్డ, దస్తర్‌ఖాన్, పరవరు, పెద్దాయన మెతుకు ముట్టడు. ఒకసారి నేను వాళ్ళింటికి భోజనానికి గంట ఆలస్యంగా వెళ్ళినప్పుడు స్వయంగా చూశాను. పన్నెండు నుంచి ఆయన నా కోసం ఖాళీ కడుపుతో కూర్చుని ఉంటాడు. గోలీ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. కచ్‌లో ఖాజా జీపు దిగబోతూ ఒక కాలు బయట పెట్టిన తీరు కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజూ అడిగితే ఒక్క నిమిషం పనే.

వెంచరు అంచున ఒక ముసలమ్మ మేకలు మేపుతోంది. పరుగులాంటి నడకతో ఆమె దగ్గరికి పోయాను. "అవ్వా, అలియాబాద్ యూసుఫ్ వాళ్ళ మామిడితోట ఎటు?" అన్నాను. ఇరవై ఏళ్ళలో ఒక మనిషిని నేను దారి అడగడం అదే మొదలు.

ఆమె నా చేతిలో డబ్బాను చూసింది. "గా డబ్బాల ఏం సూస్తవు బిడ్డా, గా పొగ సూడు. పొద్దుగాల్నుంచి లేస్తాంది. ఏందో దావతట," అని చేత్తో చూపించింది. అది నేను దాటి వచ్చిన పొగే.

ఒంటిగంటా నలభైకి తోటలోకి అడుగుపెట్టాను. చాచా నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట, చేతులు వణుకుతున్నాయి. ఖాజా భార్య రహీమా చక్కెర నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంది. బలవంతాన రెండు గుక్కలు తాగించానని, అన్నం మాత్రం మెహమాన్, అంటే పిలిచిన మనిషి, వచ్చాకే అంటున్నాడని చెప్పింది. నన్ను చూసి చాచా లేచి కూర్చోబోయాడు, దస్తర్‌ఖాన్ పరవమని కేకేశాడు. ఖాజా కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. సలాం చేశాడు. ఏడాదికి పైగా చేస్తున్న సలామే.

చాప మీద కూర్చున్నాం. బగారా అన్నం, దాల్చా వచ్చాయి. చాచా రెండు ముద్దలు తిన్నాక మొహంలోకి రక్తం వచ్చింది. నాకప్పుడు ఊపిరాడింది. తోటలో ఉన్నాం కదా అని డబ్బా తీసి చూశాను. పదిహేడు డిగ్రీలు, ముప్పై ఎనిమిది నిమిషాలు, ఇరవై అయిదు సెకన్లు అంది. నలభై రెండు కాదు. ఖాజా అంకెలు రాసుకున్న కాగితం అడిగి తెప్పించుకున్నాను. అందులో ముప్పై ఎనిమిది తర్వాత పెద్ద చుక్క పెట్టి ఉంది, ఆ తర్వాత నలభై రెండు. చివర ఇంకో అంకె మారుతూ ఉంటే వదిలేశానని ఖాజా చెప్పాడు.

చూడగానే తెలిసిపోయింది. కొన్నప్పుడు డబ్బాలో సెకన్లు ఉండవు, నిమిషాన్నే చుక్క పెట్టి దశాంశాల్లో చూపిస్తుంది. నూటికి నలభై రెండు వంతులంటే అరవై సెకన్లలో ఇరవై అయిదు. ఖాజా ఉన్నది ఉన్నట్టు చదివాడు. నేను మా అట్లాసు అలవాటుతో నలభై రెండు సెకన్లని రాసుకున్నాను. రెండో అంకె కూడా అంతే. రెండూ అరవై లోపే ఉండటంతో అనుమానం రాలేదు. ముప్పావు కిలోమీటరు తేడా. ఎవరైనా అంకెలు చెప్తే, ముందు ఏ పద్ధతిలో చెప్తున్నారో అడగండి. ఇంతకన్నా పనికొచ్చే సలహా ఈ యాత్రలో నా దగ్గర లేదు.

నేను కాగితం పట్టుకుని కూర్చుని ఉండటం చూసి ఖాజా బావమరిది సలీం, మర్యాదకే, ఒక మాట అన్నాడు. "డబ్బా ఖరాబున్నట్టుంది సార్. లేకుంటె మా బావ తప్పు సదివిండు." ఖాజా తల ఎత్తలేదు. అన్నంలో వేళ్ళు ఆగిపోయాయి. అతను ఏమీ అనబోవడం లేదు, కచ్ తర్వాత ఏమీ అననట్టే. నాకు సిగ్గేసింది. మొహం కాలిపోయేంత సిగ్గు.

"డబ్బా మంచిగనే ఉంది సలీం," అన్నాను. "ఖాజా చదివింది గూడ సరిగ్గనే ఉంది. చుక్క ఉందని చెప్పబోతే నాకు తెలుసని నోరు మూయించింది నేను. ఇప్పుడు గూడ ఒక అవ్వనడిగి వచ్చిన. షరతు నేనే తప్పిన." అక్కడితో ఆపితే సగమే అవుతుంది. చాచా వైపు తిరిగాను. "కచ్‌ల ఎడమకు తిప్పమన్నది నేనే చాచా. ఖాజా అడిగొస్తనంటే వద్దన్న. ఇంటికొచ్చి ఖాజా మీద వెట్టిన."

చాచా కొడుకు వైపు చూశాడు, తర్వాత నా పళ్ళెం వైపు. "తినుండ్రి ముందుగాల. అన్నం సల్లవడ్తాంది," అన్నాడు. రెండోసారి నా పళ్ళెంలో దాల్చా వేసింది ఖాజానే. అదేమిటో, ఆ పూట తిన్నంత అన్నం నేను ఈ మధ్య తినలేదు.

సాయంత్రం నాలుగూ యాభైకి ఖాజా నన్ను అలియాబాద్ బస్టాపు దాకా దింపడానికి జీపు తీశాడు. షరతు తప్పాను, స్పితి ఊసు ఎత్తే హక్కు నాకు లేదు. ఎత్తలేదు కూడా. బస్సు దూరంగా కనిపించాక ఖాజా చేయి చాపాడు. డబ్బా ఇమ్మని. ఇచ్చాను. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మే నెల వస్త సార్. డబ్బా నా దగ్గర ఉంటది. అడుగుడు మీ పని," అన్నాడు. బస్సు ఆగింది. నేను ఎక్కుతుంటే ఇంకో మాట అన్నాడు, ఇందాకటి కన్నా నెమ్మదిగా. "ఇక్కడ జెప్పింది అక్కడ గూడ జెప్పుండ్రి."

షామీర్‌పేటకు బస్సు టికెట్ ఏడు రూపాయలు. కిటికీ పక్క సీటు దొరికింది. డబ్బా లేని చేయి ఏం చేయాలో తోచక సంచి పట్టుకుంది. చౌరస్తాలో దిగి, మేడ్చల్ ఆటోలు ఎక్కడ ఆగుతాయో నాకు తెలిసినా, అరటిపండ్ల బండి అతన్ని అడిగాను. అటు అని చూపించాడు. నామోషీగా ఏమీ లేదు. అతనికి ఆ మాట అయిదు నిమిషాల తర్వాత గుర్తు కూడా ఉండదు. ఇరవై ఏళ్ళు దేనికి భయపడ్డానో అర్థం కాలేదు.

ఆరూ నలభైకి మేడ్చల్ చేరాను. ప్యాంటుకు మోకాళ్ళ దాకా ఎండిన బురద. ఇంటికి పోకుండా నర్సింలు హోటల్లోకి నడిచాను. ఆదివారం సాయంత్రం కాబట్టి లెక్కల సారు, డ్రిల్లు సారు ఎప్పటి బల్ల దగ్గరే ఉన్నారు. వీళ్ళిద్దరూ ఆ రోజు కచ్ కథ విన్నవాళ్ళే. నర్సింలు చాయ్ తెచ్చి పెట్టి, ఇగ గా డబ్బా ఏమైందని అడిగాడు. ఖాజా దగ్గరుందని చెప్పాను. ఎందుకుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టి, కచ్‌లో ఎడమకు తిప్పమన్నది ఎవరో దాకా చెప్పాను.

లెక్కల సారు పగలబడి నవ్వాడు. భూగోళం సారూ, భూగోళం సారూ అంటూ బల్ల చరిచాడు. డ్రిల్లు సారుకు నవ్వుతో చాయ్ పొలమారింది. ఏడాదికి పైగా ఈ నవ్వుకే భయపడి ఒక మనిషి బతుకుదెరువు మీద దెబ్బ కొట్టాను. విన్నాను. అది ఆగేదాకా కూర్చున్నాను.

వచ్చే నెల తిరుపతికి జీపు చూస్తున్నామని అంతకుముందే లెక్కల సారు అన్నాడు. ఆ మాట గుర్తు చేసి, ఖాజా ఫోన్ నంబర్ చెప్పాను, ఒక్కో అంకె ఆపి ఆపి. అతను సిగరెట్ పెట్టె వెనక రాసుకుని జేబులో పెట్టుకోబోయాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. రాసుకున్నది నాకు చదివి వినిపించమన్నాను.